ఈ మూర్ఛ ఎవరిది

కిందటివారం మనం ఆస్పత్రిలో, మూర్ఛ వస్తే పట్టుకోవడానికి గోడకి కెమెరా బిగించిన గదిలో ఆగిపోయాం. పదేళ్ల బాబిన్ తలనిండా మెదడు గీతలు తీసే వైర్లు అంటించుకుని, వాటి మీద గుడ్డకట్టుతో మంచం మీద కూర్చుంది. నానమ్మ దాన్ని చూసి, "మా పిల్ల నెత్తిన కరెంటాఫీసు తెరిచేశారు" అంది. పిల్ల నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకుండానే పక్కకి ఒరిగిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. తల్లి పరుగున వెళ్లి మంచం పక్కనున్న ఎర్రమీట నొక్కింది.  నొక్కుతూ లోపలెక్కడో, హమ్మయ్య వచ్చింది, అనుకుంది. కన్నకూతురికి మూర్ఛ రావాలని కాచుకుని కూర్చున్న తల్లి తను ఒక్కతే అయ్యుంటుందని రాత్రంతా కుమిలిపోయింది.

ఆ తల్లిని కొట్లో పనివాళ్లందరూ కాజాలక్క అంటారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కొట్టు వాళ్లది. భర్త కటింగ్ మాస్టారు. అత్తగారు మిషను మీద. కాజాలు మాత్రం చేత్తోనే కుట్టాలని ఆ కొట్టుకి మామగారి కాలం నుంచీ ఒక పట్టింపు. మిషను కాజా నాలుగు ఉతుకులకి విచ్చుకుంటుందని ఆయన నమ్మకం. ఆ చేతిపని కోడలిది. పిల్ల పుట్టినప్పుడు మిషనులో దారం చుట్టే బాబిన్‌లా గుప్పెట్లో పట్టేంత గుండ్రంగా ఉందని ఆ పేరు పెట్టిందీ ఆయనే. ఆయన పోయారు, పేరు మిగిలింది.

కాజాలక్క దాచిపెట్టిన సంగతి మీకూ తెలిసిందే. మూర్ఛ ఆమెకి చిన్నప్పటి నుంచీ ఉంది. మందు వేసుకున్నన్నాళ్లూ అణిగి ఉంటుంది, ఎప్పుడో ఏడాదికోసారి కన్నుగప్పి వస్తుంది. పెళ్లికి ముందు వాళ్ల అన్నయ్య, "మందు మానకు, నోరు విప్పకు" అని చెప్పి పంపాడు. అప్పట్నుంచీ ఆ మాత్రలు విరిగిన బొత్తాలు వేసే డబ్బాలో, బొత్తాల అడుగున ఉంటున్నాయి. భర్తకి తెలియదు. అత్తగారికి తెలియదు. తెలిసింది ఒక్క బాబిన్‌కి.

ఇక ఈ వారం సంగతి.

మర్నాడు పొద్దున నరాల డాక్టరమ్మ అత్తాకోడళ్లిద్దరినీ తన గదికి రమ్మంది. పక్కగదిలో టెక్నీషియను బాబిన్ తల మీది వైర్లు ఊడదీసి, జిగురు కడిగే పనిలో ఉంది. డాక్టరమ్మ గది ఇరుకు. బల్ల మీద పక్కపక్కనే రెండు తెరలు, వాటి వెనక వాడిపోయిన మొక్క, కుర్చీ వెనక కొక్కేనికి ఆవిడ తెల్లకోటు.

"పాప వాళ్ల నాన్నగారు రాలేదా?"

"బడులు తెరిచే రోజులండి," అంది అత్తగారు కుర్చీలో సర్దుకుంటూ. "మావాడు కత్తెర కింద పెట్టాడంటే సగంమంది పిల్లలు చొక్కాల్లేకుండా బడికెళ్లాలి. ఇవ్వాల్సినవి ఇచ్చేసి వస్తానన్నాడు. మీ కోటు కాజా విచ్చుకుపోయింది, చూసుకున్నారా?"

డాక్టరమ్మ తల తిప్పి కోటు వైపు చూసింది. "లేదండి."

"మిషను కాజా. ఇలా ఇవ్వండి, మీరు మాట్లాడేలోపు మా కోడలు కుట్టేస్తుంది."

"ఇప్పుడా అత్తయ్యా," అంది కాజాలక్క గొంతు తగ్గించి.

"ఇప్పుడే. ఇందాకట్నుంచి కొంగు నలిపి నలిపి చంపేస్తున్నావు. చేతులకి పనుంటే నువ్వూ మనిషిలా ఉంటావు." సంచిలోంచి సూదీ దారమూ తీసి ఒళ్లో పడేసింది. ఆ సంచి లేకుండా ఆవిడ వీధి గుమ్మం దాటదు.

డాక్టరమ్మ మారుమాట లేకుండా కోటు తీసిచ్చింది. రోగుల బంధువుల్ని చూసి చూసి ఉన్న మనిషి. చేతుల్లో పనుంటే మాట బాగా ఎక్కుతుందని ఆవిడకీ తెలిసినట్టుంది.

"నిన్న వచ్చింది మూర్ఛ కాదు," అంది.

సూది గుడ్డలో దిగి అక్కడే ఆగింది.

"మూర్ఛ అంటే మెదడులో ఒక్కసారిగా కరెంటు గందరగోళం. అది వస్తే తెర మీది ఈ గీతలు ఇలా ఉండవు. పాప కొట్టుకుంటున్నంతసేపూ చూడండి, ఒళ్లు కదలడం వల్ల కాస్త చెదిరాయి, అంతే. దాని కింద మెలకువగా ఉన్న పిల్లకి ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. కొందరు పిల్లలకి అసలు మూర్ఛా, ఇలాంటిదీ రెండూ ఉంటాయి. అందుకే వెంటనే పంపకుండా ఉంచాం. నిద్రలో కూడా గీతలు శుభ్రంగా ఉన్నాయి."

"అంటే మెలకువగానే ఉండి వేషాలేస్తోందంటారా మా పిల్ల?" అత్తగారి గొంతు గట్టిపడింది.

"ఆ మాట మాత్రం అనకండి పెద్దమ్మగారూ. ముఖ్యంగా పాప దగ్గర. సిగ్గేస్తే మొహం ఎర్రబడుతుంది, భయమేస్తే అరిచేతుల్లో చెమట పడుతుంది. మనం కావాలని చేస్తామా? ఇదీ అలాంటిదే, కాకపోతే చాలా పెద్దది. ఆపుకోవాలన్నా తన చేతుల్లో ఉండదు. బాధ నిజం, పడిపోవడం నిజం. మూర్ఛ మందుకి లొంగే జబ్బు మాత్రం కాదు."

"మరి చూడ్డానికి అచ్చం మూర్ఛలాగే ఉంటుంది కదమ్మా."

"పైకి అలాగే ఉంటుంది. నిన్న కొట్టుకుంటున్నంతసేపూ పాప కళ్లు గట్టిగా మూసుకుంది. మూర్ఛలో మామూలుగా కళ్లు తెరుచుకునే ఉంటాయి. తల అటూ ఇటూ విసిరింది. కాసేపు తగ్గింది, మళ్లీ హెచ్చింది. ఆఖర్న ఏడ్చింది. వీటిలో ఏదో ఒక్క గుర్తు పట్టుకుని నేనూ చెప్పను. అన్నీ కలిపి, ఈ గీతలు పక్కన పెట్టుకుని చెప్తున్నాను."

పిల్లకి మూర్ఛ లేదంటే ఏ తల్లయినా లేచి దణ్ణం పెడుతుంది. కాజాలక్క లేవలేదు.  ఏడాదిగా ప్రతి సాయంత్రం ఆ పిల్ల నోట్లో మాత్ర వేసింది తనే. ఆ మందుకి బాబిన్ చిగుళ్లు ఉబ్బాయి. చెయ్యి వణికి బళ్లో రాత పోయింది. ఇల్లంతా గిరగిరా తిరిగే పిల్ల గుడ్డ తాన్ల మీద తల వాల్చి మధ్యాహ్నాలు నిద్రపోయేది. మాత్ర చేదుగా ఉందని మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని మరీ వేసింది.

"మందు ఆపేద్దామా మరి?" అంది అత్తగారు.

"ఇవాళ్టికివాళ ఆపకూడదు. అలా చేస్తే లేనిది తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది. నేను చెప్పినట్టు మెల్లిమెల్లిగా తగ్గిద్దాం." డాక్టరమ్మ కళ్లజోడు తీసి, కాజాలక్క వైపు తిరిగింది. "ఒకటి అడగాలమ్మా. మొదట చూసిన డాక్టరుగారితో నిన్న మాట్లాడాను. మీరు చెప్పిన లక్షణాలు విని ఆయన మందు మొదలుపెట్టారట. నాలుక కొరుక్కుంది, బట్టలు తడిశాయి, కళ్లు పైకి తేలేసింది, తర్వాత మొద్దునిద్ర పోయింది, లేచాక ఏం జరిగిందో తెలియదు అంది. అంత వివరంగా చెప్పిన తల్లిని చూళ్లేదన్నారాయన. నిన్న నాకు వాటిలో ఒక్కటీ కనిపించలేదు. అవన్నీ మీరు చూశారా?"

ఇక్కడ కాజాలక్క చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. లేకపోతే ఆవిడ మీద మనకి ఉత్తి కోపమే మిగులుతుంది.

ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి వచ్చింది. వాళ్లమ్మ ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఏం జరిగింది, ఎలా జరిగింది అని అడిగితే ఆ అమాయకురాలు, "పడుతుందండి, లేస్తుందండి" అని అదే మాట తిప్పి తిప్పి చెప్పింది. డాక్టరు విసుక్కుని, పిల్ల బడి ఎగ్గొట్టడానికి నాటకాలాడుతోందని, బలానికి ఏదో సీసా రాసిచ్చి పంపించేశాడు. ఆ మాట పట్టుకుని ఇంట్లో అందరూ నవ్వారు, తిట్టారు. ఒకరోజు పొయ్యి దగ్గర పడింది. మోచెయ్యి దగ్గర ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, పొడుగుచేతుల జాకెట్టు కింద. అప్పుడు వేరే డాక్టరు ఒక్కో ప్రశ్నే అడిగితే అన్నయ్య ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. నాలుక కొరుక్కుంటుందా, కొరుక్కుంటుంది. బట్టలు తడుస్తాయా, తడుస్తాయి. ఆ సాయంత్రమే మందు వచ్చింది. ఆ ప్రశ్నలూ ఆ జవాబులూ ఆమెకి ఎక్కాల్లా కంఠతా వచ్చేశాయి.

అందుకని బాబిన్ పడ్డప్పుడు, కుర్చీలో కూర్చున్న డాక్టరు అవే ప్రశ్నలు మొదలుపెట్టేసరికి, కాజాలక్క కళ్ల ముందు పొయ్యి కనిపించింది. నా కూతుర్ని ఎవరూ నాటకమనకూడదు అనుకుంది. అడిగినదానికల్లా అవునంది. అడగనివి కూడా చెప్పింది. తన ఒంటి కొలతలు చెప్పి పిల్లకి చొక్కా కోయించింది. కోసిన గుడ్డని ఇప్పుడెవరు అతుకుతారు?

"ఏమ్మా, నాలుక కొరుక్కుందా ఎప్పుడైనా?" అంటోంది అత్తగారు. "నేను చూళ్లేదే."

"కంగారులో ఏం చెప్పానో గుర్తులేదు అత్తయ్యా."

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా జారి వచ్చిందో చూసి ఆమెకే అసహ్యమేసింది.

"ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండి."

అత్తగారు సంచిలో తల దూర్చి దేనికోసమో వెతుక్కుంటోంది.

"పాప ఎప్పుడైనా ఎవరికైనా మూర్ఛ రావడం చూసిందా? బళ్లో, దారిలో, ఎక్కడైనా?"

అంతలో టెక్నీషియను తలుపు తీసింది. "నానమ్మ గారంటే మీరేనా? జిగురు వదిలేదాకా మిమ్మల్ని కథ చెప్పమంటోంది పాప. లేకపోతే తల ఇవ్వదట."

"వాళ్ల తాత పోలిక. బేరం పెట్టందే ఏదీ ఇవ్వదు," అంటూ అత్తగారు లేచి వెళ్లింది.

తలుపు మూసుకున్నాక గదిలో మొక్కా, రెండు తెరలూ, ఇద్దరాడవాళ్లూ మిగిలారు.

"మీరు ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు," అంది డాక్టరమ్మ. గద్దించినట్టు లేదు ఆ గొంతు. గద్దించి ఉంటే తేలికయ్యేది.

కాజాలక్క సూది లాగింది. దారం చిక్కుపడింది. పదిహేనేళ్ల వయసు దాటాక ఆమె చేతిలో దారం చిక్కుపడటం అదే మొదటిసారి.

పోయినేడు తాన్ల గదిలో జరిగిందది. కొత్త సరుకు వస్తే తల్లీకూతుళ్లిద్దరూ రంగులవారీగా సర్దుతున్నారు. ముందు ఏదో కాలిన వాసనలా తగిలింది. ఆ వాసన తగిలితే ఇక మిగిలింది కొద్దిసేపే అని ఆమెకి తెలుసు. పిల్ల భుజం పట్టుకుని, "తలుపు గడియ పెట్టు, ఎవర్నీ పిలవకు" అంది. అంతే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి తల కింద మడతపెట్టిన నీలంగుడ్డ ఉంది. బాబిన్ గోడకి ఆనుకుని కూర్చుని, తల్లి కాలి బొటనవేలు గట్టిగా పట్టుకుని ఉంది. ఎంతసేపు అలా పట్టుకుందో. ఆ పిల్లని దగ్గరికి తీసుకుని, నోరు ఇంకా మొద్దుగా ఉండగానే తను అన్న మొదటి మాట ఏమిటి? భయపడ్డావా తల్లీ అని కాదు. "ఎవరికీ చెప్పకు. తెలిస్తే అమ్మని ఇంట్లోంచి పంపించేస్తారు," అంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే బాబిన్ మొదటిసారి పడింది. ఏడాదిపాటు కాజాలక్క ఈ రెంటినీ ఒకచోట పెట్టి చూడలేదు. నా జబ్బు దానికి సంక్రమించింది, నా రక్తం చేసిన పాపం, అని మాత్రమే ఏడ్చింది. రక్తం పని కాదు, తన మాట పని అని ఈ ఇరుకు కుర్చీలో కూర్చున్నాక తెలిసింది.

"డాక్టరుగారూ, ఆ లక్షణాలు పాపవి కావు," అంది తల ఎత్తకుండా.

"మరి?"

"నాకు తెలిసినవాళ్లవి."

"ఆ తెలిసినవాళ్లని పాప చూసిందా?"

కాజాలక్క తలూపింది.

"చూసినదాన్ని ఎవరితోనూ అనొద్దని పాపకి ఎవరైనా చెప్పారా?"

కాజాలక్క కోటు మీదికి వంగింది. కన్నీటిబొట్టు ఒకటి తెల్లకోటు మీద పడితే బొటనవేలితో అద్దేసింది.

"చూడండమ్మా," డాక్టరమ్మ ముందుకి వంగింది. "మిమ్మల్ని తప్పుపట్టడానికి పిలవలేదు. కానీ ఆ మాట పాప చేత నేను చెప్పించను, మీరూ చెప్పించకూడదు. వద్దన్నవాళ్లే వచ్చి, ఇంక నువ్వు దాచక్కర్లేదు అనాలి. అందరి ముందూ అనాలి. చెవిలో చెప్తే అది ఇంకో రహస్యమవుతుంది."

"అందరి ముందూ అంటే..."

తలుపు తెరుచుకుంది. అత్తగారు పమిట తుడుచుకుంటూ వచ్చింది. "సగం జిగురు నాకే అంటింది. ఆ, ఎంతవరకొచ్చారు?"

కాజాలక్క మళ్లీ సూది అందుకుంది.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమె వైపే చూసి, నిట్టూర్చి, తెర తిప్పింది. "నిన్నటిది మీరిద్దరూ ఒకసారి చూడండి. ప్రతిసారీ ఇలాగే వస్తుందా, వేరే రకంగా కూడా వస్తుందా చెప్పాలి నాకు."

తెర మీద బాబిన్ కనిపించింది. పైనుంచి తీసిన బొమ్మ కాబట్టి ఇంకా చిన్నదిగా ఉంది. నానమ్మ గొంతు వినిపించింది, కరెంటాఫీసు అంటూ. పిల్ల నవ్వింది, ఒరిగింది. కాళ్లు దుప్పటిని తన్నేశాయి. తల అటూ ఇటూ. తెరలోకి తనే పరుగెత్తుకొచ్చి మీట నొక్కడం చూసింది కాజాలక్క. ఆ పరుగు, ఆ ఆత్రం చూస్తే దొంగని పట్టుకోవడానికి పోతున్నట్టుంది.

"ఇక్కడ చూడండి," డాక్టరమ్మ వేలు చూపించింది. "ఒళ్లంతా కొట్టుకుంటోందా, ఈ కుడిచెయ్యి మాత్రం వేరే పని చేస్తోంది. దుప్పటి అంచు పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి లాగుతోంది. మళ్లీ పట్టుకుంటోంది, లాగుతోంది. ప్రతిసారీ ఉంటుందా ఇది?"

"ఉంటుందండి," అంది కాజాలక్క. "నేను కాజాలు కుట్టడం పొద్దస్తమానం చూస్తుంది కదా, అదే వచ్చేసుంటుంది."

అత్తగారు కుర్చీలో ముందుకి జరిగింది. 

"ఇంకోసారి వెయ్యమ్మా," అంది.

మళ్లీ వేసింది. పిల్ల మళ్లీ నవ్వింది, మళ్లీ ఒరిగింది.

"అక్కడ ఆపు." అత్తగారు లేచి తెర దగ్గరికి వెళ్లింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా చూసింది. "కాజా కుట్టేవాళ్లకి ఎడంచేతిలో గుడ్డ ఉంటుంది. కోడలి వైపు చూడండి, ఎలా పట్టుకుందో కోటు. ఈ పిల్ల ఎడంచెయ్యి గుండెల కిందికి మడిచేసుకుంది. ఒట్టి కుడిచెయ్యే పోతోంది, సూది లేకుండా. ఇది కుట్టే చెయ్యి కాదు."

"మరేమిటండి?" అంది డాక్టరమ్మ.

అత్తగారు కోడలి వైపు తిరిగింది. ఆ మొహంలో కోపం వెతికింది కాజాలక్క. దొరకలేదు.

"నువ్వు పడిపోయినప్పుడు నీ చెయ్యి అలాగే పోతుంది అమ్మాయ్."

కాజాలక్క మళ్లీ తెర వైపు చూసింది. జబ్బు మొదలైన దగ్గర్నుంచీ తన మూర్ఛని అందరూ చూశారు, అమ్మ, అన్నయ్య, చుట్టుపక్కలవాళ్లు. తను ఒక్కతే ఎప్పుడూ చూళ్లేదు. ఎలా చూస్తుంది? మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయి ఉండేది. ఇప్పుడు ఆసుపత్రి దుప్పటి మీద, కూతురి చేతిలో, మొదటిసారి చూసింది. మడిచిన ఎడంచెయ్యి. దుప్పటి అంచు లాగుతున్న కుడిచెయ్యి. ఆ పిల్ల గోడకి ఆనుకుని ఎంత జాగ్రత్తగా చూసి ఉండాలి, ఒక్క వేలు కూడా పొల్లుపోకుండా.

"మీకు... ఎప్పట్నుంచి తెలుసు అత్తయ్యా?"

"పెళ్లయిన రెండో ఏడు. ఇస్త్రీ బల్ల దగ్గర పడబోతే కింద చెయ్యి పెట్టింది ఎవరనుకున్నావు? లేచాక కళ్లు తిరిగాయన్నావు. సరే, తిరిగాయనుకున్నాను. బొత్తాల డబ్బా సంగతీ తెలుసు. మాత్రలు అయిపోవస్తే దారం తెమ్మనో, జిప్పులు తెమ్మనో నిన్ను బజారుకి తరిమేదాన్ని. అన్ని జిప్పులు ఏం చేసుకుంటామని ఒక్కసారైనా అనుకోలేదా నువ్వు?"

కాజాలక్కకి ఏడుపులోనే నవ్వొచ్చింది. అలమరలో మూటలు మూటలుగా జిప్పులున్నాయి.

"మీ అబ్బాయికి..."

"వాడికి చెప్పలేదు. నువ్వే చెప్తావని చూశాను. ఇవాళ చెప్తుంది, రేపు చెప్తుంది అని చూశాను. కోడలు నన్ను నమ్మలేదే అని నాకూ లోపల రోషం. నా రోషం నా దగ్గర పెట్టుకున్నా బావుండేది." అత్తగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. మాట నెమ్మదించింది. "డాక్టరమ్మా, ఇది మీరూ వినండి. పోయినేడు ఓ రోజు తాన్ల గది లోపల్నుంచి గడియ పెట్టుంది. కాసేపటికి పిల్ల బయటికొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. నాకు అర్థమైపోయింది. అర్థమైనదాన్ని నోరు మూసుకుని ఉండొద్దూ? జడ వేస్తూ అడిగాను. అమ్మ పడిపోయిందా అని. లేదు నానమ్మా అంది. మర్నాడూ అడిగాను. ఆ మర్నాడూ. జడ వేసినప్పుడల్లా అడిగాను. నానమ్మ దగ్గర అబద్ధమాడితే నానమ్మ మాట్లాడదు అని కూడా అన్నాను. తల్లి నోటి నుంచి రానిది పిల్ల నోటి నుంచైనా రప్పించాలని. నాకు తెలిసినదాన్నే అడిగాను, చూడండి. తెలియక కాదు."

డాక్టరమ్మ తెర ఆర్పేసింది.

"ఓ రోజు రెండో జడ సగంలో ఉంది. 'ఇవాళైనా చెప్పవే' అన్నాను. నా ఒళ్లోనే పడి కొట్టుకుంది. అదే మొదటిసారి. ఏడాదిగా దాన్ని మూర్ఛ మూర్ఛ అంటుంటే అవునవును, తల్లి పోలిక అని ఊరుకున్నాను. కాదని నా లోపల ఏదో పీకుతూనే ఉంది. పైకి చెప్తే నేను అడిగిన సంగతి బయటికొస్తుంది కదా."

ఒక వైపు చెప్పొద్దన్న తల్లి. ఇంకో వైపు చెప్పమన్న నానమ్మ. ఇద్దరూ ఆ పిల్లని ప్రాణంగా చూసుకునేవాళ్లే. మధ్యలో సగం వేసిన జడతో కూర్చున్న పిల్ల ఎటు పోతుంది? కాజాలక్క కుర్చీ దిగి అత్తగారి మోకాళ్ల దగ్గర కూలబడింది. ఎవరు ఎవరిని క్షమించమనాలో తెలియలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుంటే అది చల్లగా, జిగురు జిగురుగా ఉంది.

"అమ్మా."

గుమ్మంలో బాబిన్ నిలబడి ఉంది. తల తడిగా ఉంది, భుజాల మీద ఆసుపత్రి తువ్వాలు. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఎవరూ గమనించలేదు.

"నేను చెప్పలేదమ్మా," అంది. "నానమ్మే చెప్పింది. నేను ఒక్కసారి కూడా చెప్పలేదు."

గెలిచిన పిల్ల చెప్పినట్టు చెప్పింది ఆ మాట. అది విని కాజాలక్క ప్రాణం చచ్చిపోయింది.

బాబిన్ చూపు తల్లి మీంచి నానమ్మ మీదికి మళ్లింది. తువ్వాలు కొస రెండు చేతులా పట్టుకుని, "నానమ్మా, ఇప్పుడు అమ్మని పంపించేస్తారా?" అని అడిగింది.

అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది. 

"అమ్మనెవరు పంపించేస్తారే?"

ఆ గొంతు పిల్ల వెనకనుంచి వచ్చింది. కటింగ్ మాస్టారు. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చాడు, చొక్కా నిండా దారప్పోగులు. కింద కూర్చున్న పెళ్లాన్నీ, కళ్లు తుడుచుకుంటున్న తల్లినీ మార్చి మార్చి చూశాడు. "ఎందుకు పంపిస్తారు? ఏం జరిగింది బాబిన్?"

అడగకూడని మనిషినే అడిగాడు. బాబిన్ పెదాలు బిగుసుకున్నాయి. కనురెప్పలు ముడుచుకుని గట్టిగా మూసుకోబోతున్నాయి. తువ్వాలు పట్టుకున్న కుడిచేతి వేళ్లు కదలడం మొదలైంది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేవలేదు, కాజాలక్క వైపు చూసింది.

కాజాలక్క లేచి రెండంగల్లో వెళ్లి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆ వేళ్లని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"బాబిన్, నా వైపు చూడు. కళ్లు తెరువు తల్లీ. నువ్వు చెప్పక్కర్లేదు. ఇంక ఎవరికీ ఏమీ దాచక్కర్లేదు. అడిగింది మీ నాన్న, చెప్పాల్సింది నేను."

పిల్ల వేళ్లు ఒకసారి లాగి, ఆగాయి. ఒక కన్ను కాస్త తెరుచుకుంది.

ఆ చేతులు వదలకుండానే కాజాలక్క తలెత్తి భర్త మొహంలోకి చూసింది. పన్నెండేళ్లుగా పక్కన పడుకున్న మనిషి, దారినపోయే ఎవరినో చూసినట్టు ఆమెని చూస్తున్నాడు.

"చెప్పు," అన్నాడు.